గ్రేడర్‌కు జీపీఎస్ కట్టాక లెవెల్ తప్పకూడదంటే ఎలా చేయాలి?

గ్రేడరంటే బ్లేడుతో మట్టి గీకి మట్టం చేసే బండి. ఆటో లెవెల్ అంటే కాళ్ల మీద నిలబెట్టి, దుర్భిణిలోంచి ఎత్తులు చూసే పరికరం. "జీపీఎస్ పెట్టాంగా, ఇంకా ఆటో లెవెల్ ఎందుకన్నా?" అని అడిగే కుర్రాడు ప్రతి హైవే ప్యాకేజీలో ఒకడు తగులుతాడు. నెల తిరక్కుండా మట్టిని మళ్లీ గీకాల్సి వచ్చేదీ వాడి స్ట్రెచ్‌లోనే.

సామాను

బేస్ (ఒకే చోట నిలిచి దిద్దుబాట్లు పంపే జీపీఎస్), రోవర్ (చేత్తో తిప్పి కొలిచే జీపీఎస్), రేడియో, క్యాబిన్‌లో స్క్రీన్, బ్లేడు మీద మాస్టులు (జీపీఎస్ యాంటెన్నాలు నిలిపే గొట్టాలు), 12 వోల్టుల బ్యాటరీలు రెండు. అన్నీ కంపెనీవాళ్లే బిగించి వెళ్తారు. ఆటో లెవెల్, స్టాఫ్ (దాంతో చూసే కొలతల కర్ర) మాత్రం స్టోర్‌కు పంపేయకండి.

బేస్ పెట్టడం

ట్రైపాడ్ వద్దు. పక్కన టిప్పర్లు తిరుగుతుంటే మధ్యాహ్నానికి ఒక కాలు మట్టిలోకి దిగిపోతుంది. ఆకాశం బాగా కనిపించే చోట, రేకుల షెడ్లకు దూరంగా సిమెంటు దిమ్మ కట్టించండి. గ్రేడర్ బేస్‌కు 3 కిలోమీటర్లు దాటి పోకూడదు. 5 దాకా పర్వాలేదనే వాళ్లున్నారు, నేను ఒప్పుకోను.

సర్వే ఆఫ్ ఇండియా కోర్స్ స్టేషన్లుండగా (ఇంటర్నెట్ ద్వారా దిద్దుబాట్లు పంపే శాశ్వత బేస్‌లు) సొంత బేస్ దండగంటారు. సర్వేకు అవి బాగానే ఉంటాయి. గ్రేడర్ సంగతి వేరు. కొండ కటింగ్‌లో సిమ్ సిగ్నల్ పోతే ఆపరేటర్ ఆగడు, చేత్తోనే బ్లేడు తిప్పేస్తాడు. ఏ 50 మీటర్లు అలా కొట్టాడో సాయంత్రం మనకు చెప్పడు.

డిజైన్ ఎక్కించడం

స్క్రీన్‌లో ఉన్నది సబ్‌గ్రేడ్ (రోడ్డు పొరల కింది మట్టి) పై మట్టమా, రోడ్డు పూర్తయ్యాక ఉండే మట్టమా అన్నది చూసుకోండి. రెంటికీ మధ్య పేవ్‌మెంట్ మందమంతా తేడా.

లోకలైజేషన్

ఉపగ్రహపు కొలతలను డ్రాయింగు కొలతలకు కుదర్చడమే లోకలైజేషన్. చెడగొట్టేదంతా ఇక్కడే. ఉపగ్రహం చెప్పే ఎత్తు, మన డ్రాయింగులోని సముద్రమట్టపు ఎత్తు ఒకటి కావు. దక్షిణాదిలో ఈ తేడా మరీ ఎక్కువ. శ్రీలంకకు దక్షిణాన సముద్రమట్టం లెక్కలోని భూగోళం కన్నా సుమారు 106 మీటర్లు కిందికి ఉంటుంది. ఆ పల్లపు ప్రభావం మన దాకా వస్తుంది. అందుకే కోస్తాలో రోవర్ పచ్చిగా చూపే ఎత్తు చాలాచోట్ల మైనస్‌లో ఉంటుంది. అది చూసి పరికరం పాడైందని వెనక్కి పంపబోయినవాళ్లను నేనెరుగుదును. పైగా ఈ తేడా అన్నిచోట్లా ఒకేలా ఉండదు, కిలోమీటరుకు కొన్ని సెంటీమీటర్ల చొప్పున మారుతూ పోవచ్చు. 20 కిలోమీటర్ల రోడ్డుకు ఒకే లోకలైజేషన్ చేసి కూర్చోకండి. ముక్కలు చేయండి, ఒక ముక్కలోని చివరి టీబీఎంలు (ఎత్తు తెలిసిన తాత్కాలిక గుర్తులు) రెండు పక్క ముక్కలోనూ ఉండాలి.

అడ్డకొలత సంగతి కూడా చూసుకోండి. ఆంధ్ర, తెలంగాణల్లో ఎక్కువ భాగం యూటీఎం (భూమిని నిలువు పట్టీలుగా చేసిన పటపు లెక్క) 44వ జోన్. అనంతపురం మాత్రం 43, ఇచ్ఛాపురం 45. ఏలూరు దగ్గర యూటీఎం లెక్కలో కిలోమీటరుకు 40 సెంటీమీటర్లు తగ్గుతుంది. డ్రాయింగు నేల కొలతలో ఉందో, గ్రిడ్ (యూటీఎం) కొలతలో ఉందో అడగకుండా ఫైలు ఎక్కించకండి.

ఇక టీబీఎంలు. రోడ్డు పొడుగునా ఒకే పక్క వరసగా ఐదు తీసుకుంటే పొడుగు వాలు కుదురుతుంది. అడ్డవాలును పట్టి ఉంచేది ఏదీ ఉండదు, లెక్క ఆ పక్కకు ఒరిగిపోతుంది. క్యాంబర్ (రోడ్డు నడిమి నుంచి పక్కలకు ఉండే వాలు) ఒక వైపు ఎక్కువ, ఇంకో వైపు తక్కువ వచ్చి, తప్పు ఆపరేటర్ మీద పడుతుంది. రెండు పక్కలా తీసుకోండి, పని జరిగే చోటు వాటి మధ్యలో పడాలి. ఐదుకు తగ్గకూడదు. మూడుతో చేస్తే ఎత్తుల్లో తేడా సున్నా చూపించి తీరుతుంది. మూడు బిందువుల మీద ఏ పలకైనా కూర్చుంటుంది కదా! సున్నా చూసి సంబరపడేవాళ్లతోనే నా తగువు.

ఒక బిందువు తేడా చూపిస్తే దాన్ని టిక్ తీసేసి ముందుకు పోకండి. ఒకసారి నేనూ అదే చేశాను. కల్వర్టు హెడ్‌వాల్ మీది టీబీఎం 46 మిల్లీమీటర్లు చూపించింది, తీసేశాను, మిగతావి ముచ్చటగా కుదిరాయి. రెండు రోజుల తర్వాత ఆటో లెవెల్ పెట్టి చూస్తే హెడ్‌వాల్ టీబీఎమ్మే సరైనది. మిగతా టీబీఎంలున్న పసుపు రంగు దిమ్మలు రెండింటిని టిప్పర్లు గుద్ది పక్కకు వంచాయి. ఒక దిమ్మ అంచున టైరు రబ్బరు ఇంకా అంటుకునే ఉంది. అప్పటినుంచి, లోకలైజేషన్‌కు ముందు రోజు టీబీఎంలన్నిటినీ ఆటో లెవెల్‌తో చుట్టి రావడం నా సైట్లో చట్టం. లెక్కలో కలపని టీబీఎం ఒకటి అట్టిపెట్టుకుని, చివర రోవర్‌తో దానిమీద చూస్తాను. 15 మిల్లీమీటర్లు దాటితే మొత్తం మళ్లీ మొదటికే.

బ్లేడు నడపడం

రోజూ పొద్దున బ్లేడు రెండు కొసలనూ రోవర్‌తో పట్టి స్క్రీన్‌తో పోల్చండి. కట్టింగ్ ఎడ్జ్ అరిగిన మేర పనిముట్టు తనంతట తాను తెలుసుకోదు. స్క్రీన్‌లో ఫ్లోట్ (కొలత ఇంకా కచ్చితంగా కుదరలేదు) అని పడితే బ్లేడు ఎత్తేయాలి. మార్చి, సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో పొద్దుగూకాక మన ఆకాశంలో అయనావరణం (పైవాతావరణంలో విద్యుత్ కణాల పొర) అల్లరి చేస్తుంది, ఫిక్స్ (కచ్చితంగా కుదిరిన కొలత) నిలవదు. ఆ నెలల్లో రాత్రి షిఫ్టు ఫినిషింగ్‌కు నేను సంతకం పెట్టను.

సబ్‌గ్రేడ్‌కు పైకి 20, కిందికి 25 మిల్లీమీటర్ల సడలింపు ఉంది కాబట్టి జీపీఎస్ సరిపోతుంది. వెట్ మిక్స్‌కు (తడిపి పరిచే కంకర పొరకు) వచ్చేసరికి 10 మాత్రమే. అక్కడికి మాస్టులు విప్పి, ప్రిజమ్ (కాంతిని వెనక్కి పంపే అద్దం) బిగించి టోటల్ స్టేషన్‌తో (దాన్ని చూసి కోణం, దూరం కొలిచే పరికరం) నడపండి.