ఆన్‌లైన్ దుకాణం సాఫ్ట్‌వేర్‌ను మోనోలిత్ నుంచి ఈవెంట్ ఆధారిత మైక్రోసర్వీసులకు మార్చడం ఎలా?

కార్ట్, ఆర్డరు, చెల్లింపు, స్టాకు, నోటిఫికేషన్లు అన్నీ ఒకే ప్రోగ్రాములో ఒకే డేటాబేసుతో (దీన్నే మోనోలిత్ అంటారు) నడుస్తున్నప్పుడు, పండగ అమ్మకాల రోజున ఎస్ఎంఎస్ గేట్‌వే ఒక్కటి నెమ్మదించినా ఆర్డర్లు ఖరారు కాకుండా నిలిచిపోవచ్చు. అలాగని మొత్తం తిరగరాయడానికి పూనుకోకూడదు. ఒక్కో పనికి ఒక్కో చిన్న ప్రోగ్రాము (మైక్రోసర్వీసు) ఉండి, అవి ఈవెంట్లనే సందేశాలతో మాట్లాడుకునే కొత్త వ్యవస్థ తాటిచెట్టును చుట్టుకొని పెరిగే మర్రిలా పాతదాన్ని ఆనుకొనే ఎదగాలి. 2004లో సాఫ్ట్‌వేర్ రచయిత మార్టిన్ ఫౌలర్ ఈ పద్ధతికి స్ట్రాంగ్లర్ అని పేరు పెట్టింది కూడా ఆస్ట్రేలియా అడవుల్లో అలాంటి చెట్లను చూసిన మీదటే.

ముందుగా వ్యాపారంలో జరిగే సంఘటనలను (ఈవెంట్లను) జాబితా రాసుకోవాలి. "ఆర్డరు నమోదైంది", "చెల్లింపు అందింది" అన్నట్లు పేర్లు భూతకాలంలో ఉండాలి; ఈవెంటు జరిగిపోయినదాన్ని తెలిపేదే గాని, ఎవరికో ఇచ్చే ఆజ్ఞ కాదు.

తరువాత ఆ ఈవెంట్లను పాత ప్రోగ్రాము నుంచే వెలువరించాలి. చాలా బృందాలు తడబడేది ఇక్కడే. ఆర్డరును డేటాబేసులో రాసి, ఆపైన కాఫ్కాకు (సర్వీసుల మధ్య ఈవెంట్లను చేరవేసే సాఫ్ట్‌వేరు) సందేశం పంపే పద్ధతిలో, ఆ రెండింటి నడుమ సర్వరు ఆగితే ఆర్డరు మిగులుతుంది, ఈవెంటు మాత్రం పోతుంది. అందువల్ల ఆర్డరును, దాని ఈవెంటును ఒకే ట్రాన్సాక్షన్‌లో (జరిగితే అన్నీ జరగాలి, లేకుంటే ఏదీ జరగకూడదు) రెండు పట్టికల్లో రాసి, ఔట్‌బాక్స్ అనే ఆ రెండో పట్టికలోని మార్పులను, డేటాబేసు మార్పులను పసిగట్టే డెబీజియం వంటి సాధనంతో కాఫ్కాకు చేరవేయాలి. ఆర్డరు సంఖ్యనే కీగా ఇవ్వాలి, ఎందుకంటే ఒకే కీ ఉన్న ఈవెంట్లు ఒకే పార్టిషన్‌లోకి (కాఫ్కా ఈవెంట్లను పంచి ఉంచే వరుసల్లో ఒకటి) వెళ్తాయి, కాఫ్కా వరుసక్రమానికి హామీ ఇచ్చేది ఒక పార్టిషన్ లోపలే.

ఇక మొదట విడదీయవలసింది నోటిఫికేషన్లను. ఈ ఏర్పాటులో ఒకే ఈవెంటు రెండుసార్లు రావచ్చు కనుక, ప్రతి సర్వీసూ తాను పూర్తిచేసిన ఈవెంటు ఐడీలను తన సొంత డేటాబేసులో గుర్తుపెట్టుకోవాలి. ఎస్ఎంఎస్ రెండుసార్లు వెళితే కొనుగోలుదారు విసుక్కుంటాడు, అంతే; రిఫండు రెండుసార్లు వెళితే ఆ సొమ్ము తిరిగి రాబట్టడం తేలిక కాదు. చెల్లింపులను చివరికి ఉంచమని నేను చెప్పేది అందుకే.

స్టాకును విడదీశాక అన్నిటినీ కలిపే ఒకే ట్రాన్సాక్షన్ ఉండదు. సాగా పద్ధతిలో స్టాకును ముందు కేటాయించి, చెల్లింపు విఫలమైతే ఆ కేటాయింపును రద్దుచేసే ఈవెంటు పంపాలి. ఈలోగా తెరపై "ఆర్డరు పరిశీలనలో ఉంది" అని చూపించాలి.

ప్రతి సర్వీసుకూ మొదట కొద్దిపాటి ట్రాఫిక్‌నే మళ్లించి, కన్స్యూమర్ ల్యాగ్‌ను (ఈవెంట్లు అందుకునే సర్వీసు ఎంత వెనుకబడిందో) గమనిస్తూ, పాత లెక్కలతో కొత్తవి సరిపోలిన తరువాతే మోనోలిత్‌లోని ఆ కోడును, దాని పట్టికలను తొలగించాలి.