రబ్బరు పొడి బస్తా వెనక్కొస్తే ఎక్కడ వెతకాలి

చెన్నైకి ఉత్తరాన గుమ్మిడిపూండి వైపు అరిగిన టైర్లను పొడి చేసే షెడ్డు మాది. తడ, సూళ్లూరుపేట నుంచి రోజూ వచ్చి పోయేవాళ్లున్నారు కాబట్టి షెడ్డులో సగం తెలుగు, సగం తమిళం. సరుకు వెనక్కొచ్చిన రోజు మాత్రం రెండు భాషల్లోనూ ఒకే మాట: "మిషన్ బాలేదు." నేను చూసినంతలో మిషన్ తప్పు తక్కువే. లారీ నుంచి టైరు దింపుకున్నప్పుడు జరిగిన తప్పే ఎక్కువ.

పొడిలో తీగ ముక్కలు

అరకిలో పొడిని తెల్ల కాగితం మీద పలచగా పరిచి, పైన చేతి అయస్కాంతం తిప్పండి. అతుక్కున్న తీగ ఒట్టిగా ఉందా, రబ్బరు పట్టుకుని ఉందా చూడండి. ఈ రెండింటికీ మందు ఒకటి కాదు.

ఒట్టి తీగ అయితే అయస్కాంతం దగ్గర లోపం. బెల్టు మీద పొడి మందంగా పోతుంటే అడుగున ఉన్న తీగను అది లాగలేదు. లేదా పట్టిన తీగలే దాని చుట్టూ గడ్డంలా పేరుకుని బలం తగ్గిపోయి ఉంటుంది. ఫీడు తగ్గించి పొర పలచన చేయండి, షిఫ్టుకు రెండుసార్లు తుడవండి.

తీగకు రబ్బరు అంటుకుని ఉంటే పొడి ఇంకా ముతకగా ఉందని అర్థం. ఎంత పెద్ద అయస్కాంతం కొన్నా లాభం లేదు. ఇంకోసారి గ్రైండ్ చేసి, మళ్లీ అయస్కాంతం కిందికి పంపాల్సిందే. బీడ్ తీగను, అంటే టైరు లోపలి అంచులో రిమ్మును పట్టుకునే లావు ఉక్కు తీగను, ముందే లాగేయకుండా టైరును నేరుగా ముక్కలు చేసే ష్రెడ్డర్‌లో పడేస్తే పొడి సంగతి తర్వాత, ముందు కత్తులు పోతాయి.

దూదిలా తేలుతోంది, జల్లెడ మూసుకుపోతోంది

అది నైలాన్, పాలిస్టర్ దారం. ఉక్కు తీగతోనే కట్టిన లారీ రేడియల్ టైర్లో బట్ట ఉండదు. కారు టైర్లో ఉంటుంది, పాత రకం నైలాన్ లారీ టైర్లో ఇంకా ఎక్కువ. అన్నీ ఒకే కుప్పలో వేస్తే ఏ బస్తాలో ఎంత దూది వస్తుందో ఎవరూ చెప్పలేరు. దింపేటప్పుడే మూడు కుప్పలు పెట్టించండి. దారాన్ని గాలితో లాగే సైక్లోన్ సంచీ నిండిపోయిందేమో కూడా చూడండి. మా దగ్గర చాలాసార్లు అదే కారణం.

బస్తా వేడిగా ఉంది, కాలిన వాసన

దీన్ని మాత్రం రేపు చూద్దాంలే అనుకోకండి. ఇక్కడ టెన్షన్ పడటంలో తప్పు లేదు.

కత్తులు మొద్దుబారితే రబ్బరు తెగదు, నలుగుతుంది. నలిగితే వేడి పుడుతుంది. ఫీడు ఎక్కువైనా, చల్లార్చే నీళ్లు సరిగా తిరగకపోయినా ఇంతే. ఆ వేడి పొడిని నేరుగా పెద్ద సంచీలో నింపితే, రబ్బరు వేడిని త్వరగా వదలదు కాబట్టి నడుమ భాగం గంటల తరబడి అలాగే ఉంటుంది. సన్నటి పొడి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి తనంతట తానే ఇంకా వేడెక్కుతుంది. లోపల తుప్పు పట్టే తీగ నుసి ఉంటే దాని వేడి కూడా తోడవుతుంది. సంచీ పైన చెయ్యి పెట్టి "చల్లగానే ఉంది సార్" అంటారు. నమ్మొద్దు. పొడవాటి ప్రోబున్న థర్మామీటరు నడుమ దాకా దించి చూడండి.

పొడిని చల్లబడేదాకా పలచగా పరచండి, లేదా చిన్న బస్తాల్లో నింపి మధ్య ఖాళీ వదలండి. కత్తుల అంచు, వాటి మధ్య సందు సరిచేయించండి. ఒక బస్తా వేడెక్కితే మిగతావాటి నుంచి దూరంగా ఆరుబయటికి తీసుకెళ్లి, నీళ్ల పైపు చేతిలో ఉంచుకుని మాత్రమే విప్పండి. పొగ కనిపిస్తే విప్పకండి, 101కి ఫోన్ చేయండి.

వానాకాలం మొదలవగానే పొడి ఉండలు కడుతోంది

చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. టైరును ఎలా పెట్టినా నీళ్లు నిలుస్తాయి. కాటా మీద ఆ నీళ్లకూ డబ్బు కడుతున్నాం. పైగా పాత టైర్ల బాధ్యతను టైరు కంపెనీల మీదే పెట్టే, 2022 నుంచి నడుస్తున్న ఈపీఆర్ నిబంధన లెక్కల్లో, వచ్చిన టన్నులకు తయారైన సరుకు పొంతన లేక తల పట్టుకోవాలి. డెంగీ దోమ గుడ్లు పెట్టేదీ ఆ నీళ్లలోనే. దింపిన రోజే సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ, కోసేస్తే నీళ్లు నిలవవు. కోసే తీరిక లేకపోతే టార్పాలిన్ కప్పండి. తడిసిన పొడిని ఆరబెట్టకుండా పంపకండి, రోడ్లు వేసేవాళ్లు దాన్ని వేడి తారులో కలపగానే నురగ కట్టి పొంగుతుంది.

తారులో కలిపితే అడుగుకు దిగుతోందని ఫిర్యాదు

ఇది ఒక్కోసారి మన తప్పు, ఒక్కోసారి కలిపినవాళ్లది. రబ్బరు పొడి తారులో కరగదు. అందులోని పలచని నూనెల్ని పీల్చి ఉబ్బుతుంది, అంతే. పొడి ముతకగా ఉంటే ఉబ్బేలోపే దిగిపోతుంది. 30 మెష్ జల్లెడ, అంటే సుమారు 0.6 మిల్లీమీటర్లు, దాటిన పొడే వెళ్లిందా అని ముందు మన జల్లెడ చూసుకోండి, చిరిగిన జల్లెడలే ఎక్కువ. మనది సరిగా ఉంటే అవతలివాళ్లను అడగాల్సింది రెండే: 160 నుంచి 180 డిగ్రీల మధ్య వేడి ఉంచారా, ట్యాంకులో కలిపే చక్రం ఆగకుండా తిరిగిందా.

రీక్లెయిమ్ షీటు ఒకచోట గట్టి, ఒకచోట మెత్తన

ప్లాస్టిక్‌లా కరిగించి మళ్లీ పోయొచ్చు కదా అని కొత్తగా వచ్చినవాళ్లు అడుగుతుంటారు. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టిన గంధకం పద్ధతి వల్లే కుదరదు. గంధకం రబ్బరు గొలుసుల్ని ఒకదానికొకటి ముడివేస్తుంది. ఆ ముళ్లను వేడితో, నూనెతో, మిల్లులో నలిపి కొంత విప్పితే రీక్లెయిమ్ వస్తుంది.

షీటు ఇలా వస్తే నా మొదటి అనుమానం పాత ట్యూబుల మీదే. ట్యూబులకు వాడే బ్యూటైల్ వేరే రకం రబ్బరు, దాని ముక్కలు టైరు రబ్బరుతో పొసగవు, సమంగా ఉడకవు. మా గేటు దగ్గర తూకం చూసే పెద్దాయన పద్ధతి సులువు. అనుమానం ఉన్న ముక్కను సిమెంటు నేల మీద పడేస్తాడు. టైరు ముక్క ఎగురుతుంది. బ్యూటైల్ ముక్క చచ్చినట్టు అక్కడే పడుంటుంది. "ఇది పక్కన పెట్టు నాయనా," అంటాడు.