పక్షవాతం వచ్చిన మనిషికి ముద్ద పెట్టడం, మాట రప్పించడం ఎలా?

ఇంట్లో ఎవరికైనా పక్షవాతం వచ్చి ఆసుపత్రి నుంచి తిరిగొస్తే కోనసీమలో చూడవచ్చినవాళ్లు కొబ్బరి బోండాలు పట్టుకొస్తారు. "నీరసంగా ఉన్నారు, రెండు గుక్కలు పట్టించండమ్మా" అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ మింగడం దెబ్బతిన్న మనిషికి ఆ పల్చటి నీళ్లే ఎక్కువ ప్రమాదం. మనం మింగేటప్పుడు ఊపిరి గొట్టం ఓ క్షణం మూసుకుంటుంది. స్ట్రోక్ తర్వాత ఆ మూత ఆలస్యమవుతుంది. ఈలోపే నీళ్లు జారి ఊపిరితిత్తుల్లోకి పోతాయి, న్యుమోనియా వస్తుంది. తొలిరోజుల్లో సుమారు సగం మందికి ఈ ఇబ్బంది ఉంటుంది. చాలామందికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. ఆ వారాలను జాగ్రత్తగా దాటించాలి.

డిశ్చార్జికి ముందే అడగండి

మింగే పరీక్ష జరగకుండా నోట్లో ఏమీ వేయొద్దు. మాత్రైనా, మంచినీళ్లైనా, ఎవరో తెచ్చిన ఆకు పసరైనా సరే. ఏం పెట్టొచ్చు, ఎంత చిక్కగా ఉండాలి, ఎలా కూర్చోబెట్టాలి అన్న మూడూ డాక్టరు చేతో, మాటతో పాటు మింగడాన్నీ చూసే స్పీచ్ థెరపిస్టు చేతో కాగితం మీద రాయించుకోండి. "దగ్గు రాలేదు కదా, బాగానే మింగుతున్నారు" అనుకోకండి. కొందరికి ఊపిరితిత్తుల్లోకి పోయినా దగ్గు రాదు. ఆహారం కోసం ముక్కులో పైపు వేశారంటే టెన్షన్ పడకండి. మింగడం కుదుటపడితే చాలామందికి అది తీసేస్తారు.

కూర్చోబెట్టడం

నవారు మంచం మీద దిండ్లు ఎత్తుపెట్టి తినిపిస్తే నడుము లోపలికి జారి, తల వెనక్కి వాలుతుంది. చేతుల కుర్చీలో నిటారుగా, పాదాలు నేలకి ఆనేలా కూర్చోబెట్టండి. తిన్నాక కూడా అరగంట అలాగే ఉండాలి. మన అలవాటు ప్రకారం గ్లాసు ఎత్తి గొంతులో పోసుకోవడం పూర్తిగా మానిపించండి. తల వెనక్కి వెళ్తే ఊపిరి గొట్టం ఇంకా తెరుచుకుంటుంది. గడ్డం కిందికి దించి మింగడం కొందరికి మేలు చేస్తుంది, అందరికీ కాదు. థెరపిస్టు చెబితేనే చేయించండి.

ఏం పెట్టాలి

చారన్నం, మజ్జిగన్నం తేలిగ్గా దిగుతాయని పెడతాం. నిజానికి అవి కష్టమైనవి. మెతుకు నోట్లో ఉండగానే నీళ్లు ముందు జారిపోతాయి. కాకినాడ గొట్టం కాజాని తలుచుకోండి: పైన గట్టి పొర, కొరకగానే లోపలి పాకం ఒక్కసారిగా గొంతులోకి. అందుకే అది వద్దు. పొడిపొడిగా అంగిట్లో అతుక్కునే పూతరేకులూ వద్దు. ముల్లున్న పులస ముక్క అసలే వద్దు.

మెత్తటి ఆహారానికి అనుమతి ఉంటే పప్పన్నం నెయ్యి వేసి మెతుకు తెలియకుండా మెదపండి. గడ్డపెరుగులో బాగా మెదిపిన చక్కెరకేళి, నున్నటి జున్ను కూడా బాగుంటాయి. రాగిజావ చల్లారేకొద్దీ చిక్కబడుతుంది, కాబట్టి పెట్టే ముందు మళ్లీ చూడాలి. చిక్కదనం కొలవడానికి సిరంజి పరీక్ష ఉంది. సూది తీసేసిన సిరంజిలో 10 మి.లీ. పోసి 10 సెకన్లు కారనివ్వాలి. 4 నుంచి 8 మి.లీ. మిగిలితే కొద్దిగా చిక్కన, 8 దాటి మిగిలినా కొంతైనా కారితే ఓ మోస్తరు చిక్కన. ఏ సిరంజి వాడాలో, మీ మనిషికి ఏ చిక్కదనం కావాలో థెరపిస్టే చెప్పాలి. మాత్రలు మీ అంతట మీరు నూరకండి. కొన్నిటిని నూరకూడదు, మందుల షాపులో అడగండి.

ఒక్కో చెంచా

టీవీ కట్టేయండి. ఎదురుగా, కళ్లు కలిసే ఎత్తులో కూర్చోండి. చిన్న చెంచాలో సగం తీసుకుని, బాగున్న వైపు పెట్టండి. గొంతు ముడి పైకి లేచి దిగిందా చూడండి. "ఆ..." అనమనండి. గొంతు గరగరలాడితే ఇంకా అక్కడ ఏదో ఉన్నట్టే. మరోసారి ఉత్తినే మింగమనండి, ఆ తర్వాతే రెండో చెంచా. అలిసిపోతే ఆపేయండి. ఒకేసారి కడుపునిండా పెట్టే బదులు కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పెట్టండి. అయ్యాక చచ్చుబడిన వైపు బుగ్గలోకి తొంగి చూడండి, అక్కడ మెతుకులు దాక్కుంటాయి. రెండు పూటలా నోరు శుభ్రం చేయడం పైపుతో తినేవాళ్లకీ తప్పనిసరి. నోట్లోని క్రిములు ఉమ్మితో పాటు ఊపిరితిత్తులకు చేరతాయి.

పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారంటూ నెత్తి మీద తట్టి నీళ్లు పట్టించకండి. కొంచెం ముందుకు వంచి దగ్గనివ్వండి. దగ్గలేక, ఊపిరాడక ఉక్కిరిబిక్కిరైతే ముందుకు వంచి వీపు మీద భుజాల మధ్య గట్టిగా చరుస్తూ, మరొకరితో 108కి ఫోన్ చేయించండి. జ్వరం, ఆయాసం, బరువు తగ్గడం కనిపిస్తే వెంటనే డాక్టరు దగ్గరికి.

మాట కోసం

మాట పోయిందంటే తెలివి పోయినట్టు కాదు. ఆయన ముందే ఆయన గురించి "ఏం తెలియట్లేదు" అని చుట్టాలకు చెప్పడం నాకు చాలా బాధగా అనిపిస్తుంది. ముందు చిన్న వాక్యంతో, ఒక్క ప్రశ్నే అడగండి. "ఏం తింటావు నాన్నా?" కంటే జున్నూ, అరటిపండూ రెండూ చూపించి "ఇదా, ఇదా?" అనడం మేలు. వేలు చూపించినా అది జవాబే. పదం కోసం వెతుక్కుంటుంటే అందించేయకుండా కాస్త ఆగండి.

చాలామందిలో బట్టీపట్టినవి మిగిలి ఉంటాయి. ఆదివారం, సోమవారం అని కలిసి మొదలుపెట్టి మధ్యలో మీరు ఆగిపోండి. "రాత్రీ...", "ఉప్పూ..." అని వదిలేసి చూడండి. పాట పాడగలిగితే పాడించండి. మాట రాని నోటి నుంచి పాటలో పదాలు రావచ్చు. రోజుకు ఒకేసారి గంట కూర్చోబెట్టే కంటే పావుగంట చొప్పున కొన్నిసార్లు చేయించండి.

థెరపిస్టుకు భారత పునరావాస మండలి (ఇలాంటి థెరపిస్టులను నమోదు చేసే ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. కాకినాడకో రాజమండ్రికో ప్రతివారం వెళ్లడం కష్టమైతే మాటల అభ్యాసం వరకు వీడియో కాల్‌లో కుదురుతుందేమో కనుక్కోండి. మింగే పరీక్ష మాత్రం మొదటిసారి నేరుగా జరగడమే మంచిది. మాట శాశ్వతంగా దెబ్బతింటే 2016 వికలాంగుల హక్కుల చట్టం దాన్ని వైకల్యంగా గుర్తిస్తుంది. సదరం సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేసేటప్పుడు డిశ్చార్జి కాగితాలు, స్కాన్ రిపోర్టులు, థెరపిస్టు రాసినవి అన్నీ ఒకే ఫైల్లో పెట్టి తీసుకెళ్లండి.