మాస్టర్ ప్లాన్ ముసాయిదాపై అభ్యంతరం ఎలా తెలపాలి

పట్టణ మాస్టర్ ప్లాన్‌ను మార్చబోతున్నామని మున్సిపాలిటీ ఇచ్చే ప్రకటన సాధారణంగా దినపత్రిక లోపలి పేజీలో, టెండరు నోటీసుల మధ్య, చిన్న అక్షరాలతో వస్తుంది. మన పొలం ఏ జోన్‌లోకి వెళ్తుందో, మన వీధి ఎన్ని అడుగుల రోడ్డు అవుతుందో, ఊరి చెరువు కింది కాలువ పటంలో మిగులుతుందో లేదో నిర్ణయించే కాగితం అదే. దానిపై అభ్యంతరాలు, సూచనలు చెప్పుకునే హక్కు చట్టం మనకు ఇచ్చింది. ఆ హక్కును గడువులోపల, అధికారులు పక్కన పెట్టలేని రూపంలో వాడుకోవడం ఎలాగో ఇక్కడ వివరిస్తున్నాను.

కామారెడ్డి అనుభవంతో మొదలుపెట్టడం సబబు. 2022 చివర్లో ఆ మున్సిపాలిటీ కొత్త మాస్టర్ ప్లాన్ ముసాయిదాను ప్రకటించింది. పట్టణంలో కలిసిన, చుట్టుపక్కల ఉన్న గ్రామాల రైతులు తమ సాగుభూములు పారిశ్రామిక జోన్‌లోనూ, ప్రతిపాదిత రోడ్ల కిందా ఉన్నట్టు గుర్తించేసరికి గడువులో చాలా భాగం గడిచిపోయింది. ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. 2023 జనవరిలో వేలమంది కలెక్టరేట్ ముందు బైఠాయించారు. అదే నెలలో కౌన్సిల్ సమావేశమై ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానించింది. జగిత్యాలలోనూ అప్పుడే ముసాయిదా వెనక్కి వెళ్లింది. ప్రజలు గట్టిగా అడిగితే ముసాయిదా ఆగుతుందని ఈ ఘటనలు రుజువు చేశాయి. అయితే పటం గీసిన మొదటి వారంలోనే రైతు చేతికి అది అంది, అతని మాట కాగితం మీద నమోదై ఉంటే ఇంత క్షోభ అవసరమయ్యేది కాదని నేను గట్టిగా నమ్ముతాను.

ముందుగా ప్రకటనను జాగ్రత్తగా చదవాలి. అది ఏ చట్టం కింద, ఎవరి పేరుతో వెలువడిందో చూడాలి. చిన్న పట్టణాల్లో సాధారణంగా 1920 నాటి టౌన్ ప్లానింగ్ చట్టం కింద మున్సిపల్ కమిషనర్ ప్రకటిస్తారు. హైదరాబాద్ చుట్టూ హెచ్‌ఎండీఏ, విశాఖ ప్రాంతంలో వీఎంఆర్‌డీఏ, అమరావతి ప్రాంతంలో సీఆర్‌డీఏ వంటి అభివృద్ధి సంస్థలకు వేరే చట్టాలున్నాయి కాబట్టి అక్కడ అభ్యంతరం ఆ సంస్థ కమిషనర్‌కే చేరాలి. మున్సిపాలిటీలో ఇచ్చి వస్తే అది చేరవలసిన చోటికి చేరకపోవచ్చు. తరువాత గడువు చూడాలి. పూర్తి మాస్టర్ ప్లాన్‌కు సాధారణంగా వారాలు, నెలల వ్యవధి ఇస్తారు గానీ, ఉన్న ప్లాన్‌లో ఒక భాగాన్ని మార్చేటప్పుడు వ్యవధి చాలా తక్కువ. అమరావతి మాస్టర్ ప్లాన్‌లో ఆర్-5 అనే కొత్త జోన్‌ను చేర్చడానికి 2022 అక్టోబరు 28న ముసాయిదా ప్రకటన వచ్చినప్పుడు ఇచ్చిన గడువు 15 రోజులే. అది పత్రికలో వచ్చిన రోజు నుంచి లెక్కో, గెజిట్ తేదీ నుంచి లెక్కో ప్రకటనలోనే రాసి ఉంటుంది. రెండింటిలో ముందుగా ముగిసేదాన్నే మన గడువుగా పెట్టుకోవడం క్షేమం. ఆ పత్రిక పేజీని తేదీ కనిపించేలా కత్తిరించి దాచుకోవాలి.

పటం సంపాదించడం రెండో పని, నిజానికి అన్నిటికంటే శ్రమతో కూడిన పని కూడా ఇదే. చాలాచోట్ల కార్యాలయం గోడ మీద అతికించిన పటంలో రంగులే తప్ప సర్వే నంబర్లు కనిపించవు. గోడ పటంతో సరిపెట్టుకోకుండా టౌన్ ప్లానింగ్ విభాగంలో మూడింటిని అడగాలి: ప్రస్తుత భూ వినియోగ పటం, ప్రతిపాదిత భూ వినియోగ పటం, వాటితోపాటు ఉండే నివేదిక. నివేదికను ఎవరూ చదవరు, కానీ జనాభా ఎంత పెరుగుతుందని అంచనా వేశారో, ఏ జోన్‌కు ఎంత భూమి ఎందుకు కేటాయించారో అందులోనే ఉంటుంది. అభ్యంతరానికి కావలసిన బలమైన ఆధారాలు చాలాసార్లు వాళ్ల నివేదికలోనే దొరుకుతాయి. ఇవ్వడానికి నిరాకరిస్తే నిరాకరించినట్టు రాసి ఇవ్వమని అడగాలి. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు కూడా చేయాలి. అయితే ఆ చట్టంలో జవాబుకు 30 రోజుల వ్యవధి ఉంది కాబట్టి ఆ జవాబు కోసం ఎదురుచూస్తూ గడువు పోగొట్టుకోకూడదు. ముఖ్యమైన విధానాలు రూపొందించేటప్పుడు సంబంధిత వాస్తవాలన్నీ ప్రభుత్వ సంస్థలు తామే ప్రచురించాలని ఆ చట్టంలోని 4వ సెక్షన్ చెబుతోంది. పటం అడిగే లేఖలో ఆ సెక్షన్‌ను ప్రస్తావిస్తే ప్రయోజనం ఉంటుంది.

పటం దొరికాక సర్వే నంబరును పట్టుకోవాలి. తెలంగాణలోనైతే గ్రామ నక్షా, టిప్పన్ (ఒక్కో సర్వే నంబరు కొలతల పటం), ఆంధ్రప్రదేశ్‌లోనైతే అలాంటిదే అయిన ఎఫ్‌ఎంబీ తెచ్చుకుని, ఎప్పటికీ కదలని గుర్తులు, అంటే చెరువు కట్ట, రైలు పట్టాలు, పాత గుడి, వాగు మలుపు, వీటి ఆధారంగా రెండు పటాలనూ పోల్చుకోవాలి. గ్రామంలో పాత సర్వేయర్‌తో కలిసి పనిచేసినవారు ఎవరైనా ఉంటే ఒక పూట వారిని పక్కన కూర్చోబెట్టుకోవడం మేలు. రంగులను ఊహించకుండా పటం మూలనున్న సూచికను చూసి చదవాలి. నివాసానికి పసుపు, పరిశ్రమలకు ఊదా వాడటం రివాజే అయినా అన్ని పటాలూ ఒకేలా ఉండవు. చుక్కల గీతలను ప్రత్యేకంగా చూడాలి. ప్రతిపాదిత రోడ్లు తరచుగా అలాగే ఉంటాయి, ఇళ్లు పోయేది ఎక్కువగా వాటి కిందే.

జోన్ మారినంత మాత్రాన భూమి మన చేతుల్లోంచి పోదు, సాగు ఆపమని ఎవరూ అనరు. ప్రభుత్వం భూమి తీసుకోవాలంటే 2013 భూసేకరణ చట్టం వంటి వేరే దారిలో పరిహారం ఇచ్చే తీసుకోవాలి. అధికారులు ఈ మాట చెప్పి సముదాయిస్తారు, అందులో అబద్ధం లేదు. కానీ అది సగం మాట. పారిశ్రామిక జోన్‌లో పడిన భూమిలో ఇల్లు కట్టుకోవడానికి, లేఅవుట్ వేయడానికి అనుమతి దొరకడం కష్టమవుతుంది. ప్రతిపాదిత రోడ్డు కింద పడిన స్థలానికి కొనేవాడు ముందుకు రాడు. కూతురి పెళ్లికి అర ఎకరం అమ్ముకుందామనుకున్న కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు. అందువల్ల అభ్యంతరంలో “భూమి లాక్కుంటున్నారు” అని రాయకూడదు. అలా రాస్తే “లాక్కోవడం లేదు” అన్న ఒక్క వాక్యంతో దాన్ని తోసిపుచ్చుతారు. జోన్ మార్పు వల్ల ఏ అనుమతి పోతుందో, ఏ నష్టం వస్తుందో ఖచ్చితంగా రాయాలి.

ఇక అభ్యంతరం రాసే పద్ధతి. మంచి అభ్యంతరానికి నాలుగు అంగాలు ఉండాలి: భూమి ఎక్కడ ఉంది, ముసాయిదా దాన్ని ఏమని చూపింది, అది ఎందుకు తప్పు, దాని బదులు ఏమి చేయాలి. నాలుగోదాన్ని చాలామంది వదిలేస్తారు. “ఈ ప్లాన్ మాకు వద్దు” అని రాస్తే అధికారికి దానితో చేయడానికి ఏమీ ఉండదు. “ఈ గీతను ఇక్కడి నుంచి అక్కడికి జరపండి” అని రాస్తే అతను దానికి అవుననో కాదనో కారణంతో సహా జవాబు రాయవలసి వస్తుంది. ఒక నమూనా చూడండి:

“సర్వే నంబర్ 214లో నాకు 2 ఎకరాల 10 గుంటల పట్టా భూమి ఉన్నది. ముసాయిదా భూ వినియోగ పటంలో దీనిని పారిశ్రామిక జోన్‌గా చూపినారు. ఈ భూమి పెద్ద చెరువు తూము కింది ఆయకట్టు. పదేళ్ల పహాణీలలో ప్రతి ఏటా వరి నమోదై ఉన్నది. ఉత్తరాన 60 మీటర్ల దూరంలో నివాస గృహాలు ఉన్నవి. కావున సర్వే నంబర్లు 210 నుంచి 219 వరకు గల ఆయకట్టును వ్యవసాయ జోన్‌గానే కొనసాగించాలని, విచారణ తేదీని నాకు రాతపూర్వకంగా తెలపాలని కోరుతున్నాను.”

ఈ నమూనాలో కోపం లేదు, పొగడ్త లేదు, రాజకీయం లేదు. ప్రతి వాక్యానికీ ఒక కాగితం జతచేయవచ్చు: పట్టాదారు పాస్ పుస్తకం, పహాణీ లేదా అడంగల్, టిప్పన్ నకలు, పొలం ఫొటోలు, పటంలో ఎర్ర సిరాతో గుర్తుపెట్టిన మన భూమి. జతచేసిన ప్రతి కాగితానికీ వరుస సంఖ్య వేసి, లేఖ చివర ఆ జాబితా ఇవ్వాలి.

ఒకే లేఖను రెండు వందల నకళ్లు తీసి, కింద సంతకాలు మాత్రమే మార్చి ఇవ్వడం మన పట్టణాల్లో అలవాటు. మా వీధిలోనూ ఒకసారి అలాగే చేశాము. వాటన్నిటినీ కలిపి ఒకే అభ్యంతరంగా లెక్కగట్టి, ఒకే వాక్యంతో జవాబిచ్చారు. సమూహంగా కదలడం ముఖ్యమే, కానీ ఒక్కో కుటుంబం తన సర్వే నంబరు, తన కారణం తన మాటల్లో రాయాలి. ఉమ్మడి వినతిపత్రం వాటికి తోడుగా ఉండవచ్చు. రాయడం రానివారి దగ్గర ఒకరు కూర్చుని చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టడం ఊరికి చేసే పెద్ద సేవ.

భూమి లేనివారు కూడా అభ్యంతరం ఇవ్వవచ్చని గట్టిగా చెప్పవలసి ఉంది. అద్దె ఇంట్లో ఉన్నవారికి, తోపుడు బండి పెట్టుకున్నవారికి, కూలీలకు మాస్టర్ ప్లాన్‌తో ఉన్న సంబంధం భూస్వామికి ఉన్నదానికంటే తక్కువేమీ కాదు. బెంగళూరులో పార్కు కోసం వదిలిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి కేటాయించినప్పుడు ఆ ప్రాంతవాసులే కోర్టుకు వెళ్లారు. 1991లో సుప్రీంకోర్టు వారికి అడిగే హక్కు ఉందని చెప్పి, ఆ కేటాయింపు చెల్లదని తీర్పిచ్చింది. కాబట్టి పటం చూసేటప్పుడు మన స్థలంతో ఆగకుండా నీటినీ ఖాళీ స్థలాలనూ వెతకాలి. పాత పటంలో ఉన్న కుంట కొత్త పటంలో ఉందా, అలుగు నుంచి పారే వాగు మధ్యలో తెగిపోయిందా, శిఖం భూమికి, అంటే చెరువు నీరు నిలిచే భూమికి, పసుపు రంగు పడిందా అన్నవి తప్పక చూడవలసినవి. తెలంగాణలో 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే మట్టం) హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్లు నిర్మాణాలు లేకుండా వదలాలి. ముసాయిదాలో ఆ ఖాళీ హద్దు కనిపించకపోతే అది ఎవరైనా లేవనెత్తగలిగిన, తోసిపుచ్చడం కష్టమైన అభ్యంతరం. అలాగే కేంద్ర ప్రభుత్వ పట్టణ ప్రణాళిక మార్గదర్శకాలు మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల బహిరంగ స్థలం ఉండాలని సూచిస్తున్నాయి. నివేదికలోని జనాభా అంచనాతో పార్కులు, మైదానాల విస్తీర్ణాన్ని భాగిస్తే మన పట్టణం లెక్క తేలిపోతుంది.

రోడ్ల విషయంలో ఒక్క మాట. వెడల్పు ఎందుకు అంత కావాలో, ప్రభుత్వ భూమి మీదుగా లేదా ఉన్న బండ్లబాట మీదుగా వేరే దారి ఎందుకు కుదరదో అడిగి, ఆ దారిని పటం మీద గీసి ఇవ్వాలి. పలుకుబడి ఉన్నవారి స్థలం దగ్గర గీత వంకర తిరిగిందన్న అనుమానం ఉంటే ఆరోపణ చేయకుండా, ఏ సర్వే నంబర్ దగ్గర ఎటు తిరిగిందో మాత్రం రాసి కారణం కోరాలి.

అభ్యంతరాన్ని రెండు ప్రతులు తయారుచేసి, ఒకటి ఇన్‌వర్డ్‌లో, అంటే వచ్చిన కాగితాలు నమోదు చేసుకునే చోట, ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ, ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకోవాలి. “పెట్టెలో వేసి వెళ్లండి” అంటే వేయండి గానీ, మరో ప్రతిని స్పీడ్ పోస్టులో కూడా పంపి రసీదు దాచండి. ఈమెయిల్ చిరునామా ప్రకటనలో ఉంటే దానికీ పంపాలి. చివరి రోజు సాయంత్రం వరకు ఆగవద్దు. ఆ రోజు వరుస పొడుగ్గా ఉంటుంది, ముద్ర వేసే మనిషి సీట్లో ఉండకపోవచ్చు. ఒక ప్రతి వార్డు కౌన్సిలర్‌కు ఇవ్వాలి. ఎందుకంటే అభ్యంతరాలు కౌన్సిల్ ముందుకు వచ్చినప్పుడు మాట్లాడవలసింది ఆయనే. పాలకవర్గం లేని కాలంలో ఆ అధికారం ప్రత్యేకాధికారి చేతిలో ఉంటుంది, అప్పుడు ప్రతి ఆయనకు చేరాలి.

విచారణకు పిలిస్తే తప్పక వెళ్లాలి. అక్కడ ఒక్కొక్కరికి దొరికేది కొద్ది నిమిషాలే. లేఖ మొత్తం చదవకుండా, పటం తెరిచి వేలు పెట్టి చూపించి, కోరుతున్న మార్పు ఒక్కటి చెప్పి, చెప్పింది నమోదైందో లేదో అడిగి రావాలి. విచారణ ముగిశాక మున్సిపాలిటీ తన అభిప్రాయంతో ఫైలును పట్టణ, గ్రామీణ ప్రణాళిక విభాగానికి, అక్కడి నుంచి ప్రభుత్వానికి పంపుతుంది. ఈ దశలో చాలామంది నిశ్చింతగా ఉండిపోతారు, అసలు జాగ్రత్త పడవలసింది ఇక్కడే. మన అభ్యంతరంపై ఏమని సిఫారసు చేశారో తెలుసుకోవడానికి, ఇన్‌వర్డ్ నంబర్ ఉటంకిస్తూ ఆ అభిప్రాయ పట్టిక నకలు ఇమ్మని సమాచార హక్కు కింద అప్పుడే దరఖాస్తు వేయాలి. ప్రభుత్వం ఆమోదించిన ప్లాన్ గెజిట్‌లో వచ్చాక దాన్ని మార్చడానికి మళ్లీ సవరణ ప్రక్రియ మొదలుపెట్టాలి, లేదా హైకోర్టు తలుపు తట్టాలి. కోర్టులో న్యాయవాది మొదట అడిగేది ముద్ర ఉన్న ఆ రెండో ప్రతినే.

గెజిట్ వెలువడిన రోజున తుది పటాన్ని తెచ్చుకుని, ముసాయిదా పటం పక్కన పరిచి, మన సర్వే నంబర్ దగ్గర గీత గీతనూ పోల్చి చూడాలి. ముసాయిదాలో లేని మార్పు తుది పటంలో కనిపిస్తే, దానిపై ప్రజల అభిప్రాయం ఎప్పుడు కోరారో తెలపమని అదే వారంలో లేఖ పెట్టాలి.