వీఎస్ కోడ్‌లో ఇండెంట్‌కి సొంత షార్ట్‌కట్ పెట్టుకోవడం

కోడ్ రాసుకునే ఎడిటర్ వీఎస్ కోడ్‌లో ఎక్కడినుంచో కోడ్ తెచ్చి పేస్ట్ చేస్తే ఇండెంట్, అంటే లైను మొదట్లో ఉండే ఖాళీ, చెడిపోయి ఒక్కో లైను ఒక్కో చోట నిలబడుతుంది, ఇక ట్యాబ్, షిఫ్ట్+ట్యాబ్ నొక్కుకుంటూ కూర్చోవాలి. నేనూ చాలాకాలం అదే చేశాను. లైన్లు కుడికి జరపడానికి కంట్రోల్‌తో మూసే స్క్వేర్ బ్రాకెట్, ఎడమకి తేవడానికి తెరిచే బ్రాకెట్ ఎలాగూ ఉన్నాయి. కానీ ఫైలు మొత్తాన్ని ఒకేసారి సర్దిపెట్టే 'రీఇండెంట్ లైన్స్' అనే కమాండ్‌కి మాత్రం ఏ కీ ఇవ్వలేదు, అసలు పనికొచ్చేదే అది!

కంట్రోల్+కె నొక్కి, వెంటనే కంట్రోల్+ఎస్ నొక్కండి (మ్యాక్‌లో కంట్రోల్ బదులు కమాండ్). షార్ట్‌కట్ల పట్టిక తెరుచుకుంటుంది. పైన వెతికే పెట్టెలో ఇంగ్లిష్‌లో రీఇండెంట్ అని టైప్ చేస్తే రెండు కమాండ్లు కనిపిస్తాయి, ఒకటి ఫైలు మొత్తానికి, ఇంకోటి సెలెక్ట్ చేసిన లైన్లకి. కావాల్సినదాని మీద డబుల్ క్లిక్ చేసి, మీకు నచ్చిన కీలు కలిపి నొక్కి ఎంటర్ కొట్టండి, అంతే.

ఎంటర్ కొట్టేముందు ఒక్క క్షణం ఆగి ఆ చిన్న పెట్టె కింద చూడండి. ఆ కీలు ఇప్పటికే వేరే కమాండ్‌కి ఉంటే అక్కడే చెబుతుంది. ఆల్ట్‌తో ఒక్క అక్షరం జోలికి మాత్రం పోకండి, విండోస్‌లో చాలావరకు అవి మెనూలు తెరవడానికి ఉన్నాయి, ఉదాహరణకి ఆల్ట్+ఎఫ్ కొడితే ఫైల్ మెనూ ఊడిపడుతుంది.

ఇంకో మాట, పైథాన్ ఫైల్లో ఈ రీఇండెంట్‌ని గుడ్డిగా వాడకండి. జావాస్క్రిప్ట్‌లో అయితే బ్లాక్ ఎక్కడ అయిపోయిందో బ్రాకెట్ చెబుతుంది, పైథాన్‌లో చెప్పేదే ఇండెంటు, అదే చెడితే పాపం ఎడిటర్ మాత్రం ఏం ఊహిస్తుంది? అక్కడ లైన్లు సెలెక్ట్ చేసుకుని చేత్తో జరుపుకోవడమే మేలు. పొరపాటున కొట్టేశారా, కంట్రోల్+జెడ్ ఉంది.

ఇవన్నీ చేస్తుండగా ఉన్నట్టుండి ట్యాబ్ కీ పనిచేయకుండా కర్సర్ ఎటో వెళ్లిపోతుంటే ఎడిటర్ పాడైందని టెన్షన్ పడకండి. ట్యాబ్ కీ పనిని మార్చేసే కంట్రోల్+ఎమ్ తగిలి ఉంటుంది, మ్యాక్‌లో అయితే కంట్రోల్+షిఫ్ట్+ఎమ్. మళ్లీ అదే నొక్కితే ట్యాబ్ దారికొస్తుంది. పెట్టుకున్న షార్ట్‌కట్ నచ్చకపోతే పట్టికలో దాని మీద రైట్ క్లిక్ చేసి రీసెట్ కొట్టండి.