ఈసీయూ విప్పి మళ్ళీ బిగించాను

వానాకాలం మొదలైనప్పటి నుంచి మా పెట్రోల్ కారు ఇబ్బంది పెడుతోంది. వాన పడితే చెక్ ఇంజిన్ లైట్, కుదుపులు. ఎండ కాస్తే మామూలే. ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) పోయింది, మార్చాలన్నాడు మెకానిక్. అంత ఖర్చు పెట్టేముందు దాని కనెక్టర్ (వైర్లు కలిసే ప్లగ్గు) ఒకసారి చూడాలనిపించింది.

బండి ఆపి తాళంచెవి తీసేసి, 10 నంబర్ స్పానర్‌తో బ్యాటరీ మైనస్ టెర్మినల్ విప్పి పావుగంట ఆగాను. ఈ పని మాత్రం వదలొద్దు. కరెంటు ఉండగా ప్లగ్గు లాగితే ఈసీయూ లోపలి సర్క్యూట్ దెబ్బతినవచ్చు. చేతిలో స్టాటిక్ కరెంటు ఉంటుంది కాబట్టి, అది పోవడానికి బండి బాడీకున్న రంగు వేయని బోల్టును ఒకసారి తాకాను.

మా బండిలో ఈసీయూ బ్యాటరీ పక్కనే ఉంటుంది. కనెక్టర్‌కున్న లీవర్‌ని తిప్పితే ప్లగ్గు దానంతటదే బయటికొస్తుంది. వైర్లు పట్టి లాగకూడదు. చూస్తే రెండు పిన్నుల మీద ఆకుపచ్చటి చిలుము! రబ్బరు సీలు ఒక మూల నలిగి నీళ్ళు దిగాయి. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, మెత్తటి బ్రష్‌తో నెమ్మదిగా రుద్ది, అరగంట ఆరనిచ్చాను. పిన్ను వంగితే అసలుకే మోసం. కొత్త సీలు వేసి, లీవర్ టక్కుమని పడేదాకా నొక్కి, బ్యాటరీ అన్నిటికంటే చివర కలిపాను.

మొదట ఐడిలింగ్ (బండి కదలకుండా ఇంజిన్ తిరగడం) ఎగుడుదిగుడుగా ఉంటే టెన్షన్ పడ్డాను. బ్యాటరీ విప్పాక ఈసీయూ పాత సర్దుబాట్లు మరిచిపోతే అలాగే ఉంటుంది. పది నిమిషాల్లో కుదురుకుంది. స్కానర్‌తో ఈసీయూలో ఉన్న పాత లోపాల కోడ్లు చెరిపేశాను.

సెకండ్ హ్యాండ్ ఈసీయూ కొనాలనుకునేవాళ్ళు ఆగండి. ఇమ్మొబిలైజర్ (దొంగతనం జరగకుండా ఇంజిన్‌ని ఆపే ఏర్పాటు) ఉన్న బండ్లలో కోడ్ కలవకపోతే ఇంజిన్ స్టార్ట్ కాదు.

తర్వాత మూడు పెద్ద వానలు పడ్డాయి, లైటు మళ్ళీ వెలగలేదు.