మూసీ వరదలో ఉస్మానియా బిస్కెట్

1908 మూసీ వరద మీద రాసిన నా మొదటి కథలో ఒక ముసలాయన ఉస్మానియా బిస్కెట్ తిన్నాడు. అచ్చయ్యాక ఓ పెద్దాయన ఫోన్ చేసి, "అమ్మా, ఆ బిస్కెట్‌కి పేరిచ్చిన ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కిందే 1911లో కదా" అన్నారు. తల కొట్టేసినట్టయింది.

అందుకే, పాతకాలం కథ రాయబోతుంటే ముందు పేర్ల సంగతి చూడండి. హైదరాబాద్‌లో సగం పేర్లు తమ వయసు తామే చెప్పేస్తాయి. ఉస్మాన్‌సాగర్, ఉస్మానియా ఆసుపత్రి, ఉస్మానియా యూనివర్సిటీ, వరదనాటికి ఈ పేర్లేవీ లేవు. సుమారు నూటయాభై మంది ఎక్కి బతికారని చెప్పుకునే చింతచెట్టు ఇప్పుడు ఆ ఆసుపత్రి ఆవరణలోనే ఉంది. మీ పాత్రకు మాత్రం అది అఫ్జల్‌గంజ్ చింతచెట్టే.

తర్వాత ఆ రోజును పట్టుకోండి. నేను తేదీకి ఒక కాగితం పెడతాను. 1908 సెప్టెంబర్ 28, సోమవారం. నిజాం సర్కారు కాగితాల్లో వాడిన ఫసలీ క్యాలెండర్‌లో అది 1317, ఆబాన్ నెల. ఫసలీ ఏడాది అక్టోబర్ మొదట్లో మారేది కాబట్టి ఇంగ్లీషు ఏడాది రావాలంటే ఫసలీ ఏడాదికి అంతకుముందైతే 591, తర్వాతైతే 590 కలపాలి. హిజ్రీ లెక్కన అప్పుడే రంజాన్ మొదలైంది. ఈ ఒక్క ముక్కతో నా కథ తిరిగిపోయింది: తెల్లారకముందే సహరీ (ఉపవాసానికి ముందు తినే తిండి) కోసం లేచి, తడికట్టెలు ఊదుకుంటున్న ఇల్లాలు కనిపించింది. వరద గురించి ఎంత చదివినా ఆమె దొరకలేదు మరి.

చోటు కోసం లియొనార్డ్ మన్ చేయించిన హైదరాబాద్ నగర సర్వే పటాలు చూడండి. గల్లీగల్లీ ఉంటుంది. కానీ అవి 1912 తర్వాతివి, వరద చెరిపేసినవి అందులో ఉండవు. మూసీ వంతెన నయాపూల్ మీద నిలబడి హైకోర్టునూ ఆసుపత్రినీ మనసులోంచి తీసేయండి. రెండూ వరద తర్వాత కట్టినవే.

కాగితాలకు తార్నాకలోని ఆర్కైవ్స్, పుస్తకాలకు అఫ్జల్‌గంజ్ సెంట్రల్ లైబ్రరీ, సుల్తాన్ బజార్‌లో ఉన్న, 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం. పాత పత్రికల్లో వార్తలకంటే ప్రకటనలు ఎక్కువ చదువుతాను, జనం ఏం కొన్నారో అక్కడే తెలుస్తుంది. డబ్బు రాసేటప్పుడు జాగ్రత్త: ఇక్కడ చెల్లింది నిజాం సొంత నాణెం హాలీ సిక్కా, బ్రిటిష్ రూపాయిని కల్దార్ అనేవారు.

ఇంట్లో పెద్దవాళ్లను "ఏ సంవత్సరం" అని అడిగితే తడబడతారు. "ఎవరి పెళ్లప్పుడు" అని అడగండి, పొయ్యి ఏ మూల ఉండేదో కూడా చెప్తారు.

కథ మళ్లీ రాశాను. ముసలాయన చేతిలో ఇప్పుడు జొన్నరొట్టె ముక్క ఉంది.